పొడిచారు, వేయించుకున్నాను

మొన్న మాఘమాసంలో రాజోలు దగ్గర మా పెద్దనాన్నగారి మనవరాలి పెళ్ళయింది. బంతి సాగుతోంది, నేను పప్పు వడ్డిస్తున్నాను. వంగినప్పుడు, వరసకి అత్తయ్య అయ్యే ఒకావిడ నా మణికట్టు పట్టుకుని చెయ్యి తిప్పి చూసింది.

"ఇదేంటే?"

"టాటూ అత్తయ్యా."

"చేపా?"

"పులస."

ఆవిడ చెయ్యి వదల్లేదు. పక్కావిడకి కూడా చూపించింది. "మీ ఆయన్ని అడిగే వేయించుకున్నావా?" అంది. లేదన్నాను. ఆ మాటకి బంతిలో నలుగురు తలెత్తి చూశారు. చేప ఎందుకని గానీ, నొప్పి పుట్టిందా అని గానీ, ఎంతయిందని గానీ ఎవరూ అడగలేదు. ఎవరిని అడిగావన్నది ఒక్కటే అడిగారు.

అత్తయ్యకి గడ్డం మీద మూడు పచ్చటి చుక్కలున్నాయి. ముక్కు రెండు వైపులా కుట్టి ఉంది. చెవులకి తమ్మెల దగ్గర ఒకటి, పైన ఒకటి చొప్పున నాలుగు కన్నాలు. ఆవిణ్ణి తప్పు పట్టాలని ఇది రాయడం లేదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా ఇంట్లో పది రోజులుండి నాకు జావ తాగించిన మనిషి ఆవిడ. కానీ ఆ రోజు ఆవిడ చేతిలో నా చెయ్యి ఉండగా నాకొక సంగతి తేటగా కనిపించింది. ఒంటికి సూది గుచ్చడం మన దగ్గర ఎప్పుడూ తప్పు కాలేదు. చర్మం మీద చెరగని గుర్తు వెయ్యడమూ తప్పు కాలేదు. గొడవంతా ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారన్న దాని మీదే. పెద్దవాళ్ళు చేయిస్తే ఆచారం. మొగుడి పేరైతే ప్రేమ. దేవుడి ముద్రైతే భక్తి. ఒక మనిషి తనకి నచ్చిందని తనంతట తాను వేయించుకుంటే మాత్రం, ముఖ్యంగా ఆ మనిషి ఆడదైతే, అది బరితెగింపు.

మా మామ్మకి ఎడమ ముంజేతి లోపలివైపు పచ్చబొట్టు ఉండేది. ఒక తేలు, దాని చుట్టూ చుక్కలు, మణికట్టు దగ్గర తులసికోట. చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్ళు వాకిట్లో మడతమంచం మీద ఆవిడ పక్కన పడుకుని, ఆ తేలు తోకని వేలితో దిద్దుతూ నిద్రపోయేదాన్ని. కథ చెప్పమంటే రాముడి కథ, రాక్షసుల కథ చెప్పేది. ఈ తేలు ఎక్కడిదని అడిగితే మాత్రం ప్రతిసారీ ఒకే కథ, ఒకే మాటల్లో చెప్పేది.

అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. కోతలయ్యాక పచ్చబొట్లు పొడిచే ఆవిడ ఊళ్ళోకి వచ్చింది. బుట్టలో సూదులు, కొబ్బరిచిప్పలో మసి. మామ్మని అరుగు మీద కూర్చోబెట్టారు. ఒకరు భుజాలు పట్టుకున్నారు, ఒకరు కాళ్ళ మీద కూర్చున్నారు, మేనత్త చెయ్యి చాపి అదిమి పట్టింది. మూడు నాలుగు సూదులు కలిపి దారంతో కట్టి, మసిలో ముంచి పొడుచుకుంటూ పోయింది వచ్చినావిడ. పిల్ల నొప్పి మరిచిపోవాలని పాట కూడా పాడింది. ఆ పాటలో మామ్మకి ఒక్క ముక్కా గుర్తులేదు. తను ఏడ్చిన సంగతి మాత్రం గుర్తుంది. అయ్యాక పసుపు రాశారు. మూడు రోజులు చెయ్యి వాచిపోయి అన్నం తినిపించాల్సి వచ్చిందట. ఎందుకు పొడిపించారు మామ్మా అంటే, "పొడిపించకపోతే ఎలాగే, చచ్చాక మనతో వచ్చేది ఇదొక్కటేగా" అనేది. నగలు ఇక్కడే ఉండిపోతాయి, చీర ఇక్కడే కాలిపోతుంది, పచ్చబొట్టు మాత్రం వెంట వస్తుందని ఆవిడ నమ్మకం.

ఆ మసి ఎలా చేసేవారో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే రాసిపెట్టాడు. పసుపూ అవిసాకూ కలిపి నూరి, ఆ ముద్దని పల్చటి గుడ్డకి పట్టించి వత్తిలా చుడతారు. ఆముదం దీపంలో ఆ వత్తిని వెలిగించి, పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, నీళ్ళతోనో చనుబాలతోనో కలిపితే అదే రంగు. మన వంటింట్లో, పెరట్లో దొరికేవే అన్నీ. నల్లటి మసి ఒంటి మీద పచ్చగా ఎందుకు కనిపిస్తుందని నాకు చిన్నప్పటి అనుమానం. మసి చర్మం పైపొరలో ఉండదు, దాని కింది పొరలో ఉంటుంది. పైనుంచి పడిన వెలుగులో ఎరుపు లోపలికి పోయి ఇంకిపోతుంది, నీలం చెదిరి వెనక్కి వస్తుంది. దానికి ఒంటి రంగు కలిసి నలుపు కాస్తా నీలి పచ్చగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పైచర్మం నెల రోజుల్లో రాలిపోయి కొత్తది వస్తుంది కదా, మరి కింద ఉన్న మసి ఎలా నిలుస్తుంది? ఆ రేణువులని శత్రువులనుకుని మన ఒంట్లో రక్షణ కణాలు మింగేస్తాయి. మింగి అరిగించుకోలేవు. ఆ కణం చచ్చిపోతే లోపలున్న రంగు బయటపడుతుంది, పక్కకి వచ్చిన కొత్త కణం దాన్ని మళ్ళీ మింగుతుంది. ఇలా ఒకదాని నుంచి ఇంకోదానికి అందుతూ గుర్తు ఉన్నచోటే ఉంటుందని 2018లో ఫ్రాన్స్‌లో ఎలుకల మీద పరిశోధన చేసి చూపించారు. అంటే మా మామ్మ ఒళ్ళు ఆ తేలుని డెబ్బై అయిదేళ్ళకి పైగా చేతులు మార్చుకుంటూ మోసింది. తను కోరి తెచ్చుకోనిదాన్ని.

కోరి తెచ్చుకోలేదన్న మాట మామ్మ ఏనాడూ అనలేదు. ఆవిడ భాషలోనే ఉండేది. "నాకు పొడిచారు" అనేది. "పొడిపించుకున్నాను" అని ఒక్కసారీ అనలేదు. చెవులకి "కుట్టించారు". ముక్కుకి "కుట్టించారు". పెళ్ళికి "నన్ను ఈ ఊరిచ్చారు". ఆవిడ జీవితంలో పెద్దపెద్ద సంగతులన్నీ ఎవరో ఆవిడకి చేసినవే. "చేశారు"కీ "చేయించుకున్నాను"కీ మధ్య ఉన్న దూరం నడవడానికి మా ఇంట్లో మూడు తరాలు పట్టింది.

2019లో, నాకు ముప్పై ఒకటో ఏట, హైదరాబాదులో టాటూ వేయించుకుని ఊరొచ్చాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాన్న పేపరు చదువుతున్నట్టు కూర్చుని పేజీ తిప్పలేదు. మామ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించాను. అప్పటికి ఆవిడకి చూపు తగ్గింది. వేలితో తడిమి, "ఎవరు పట్టుకున్నారే నిన్ను?" అంది.

"ఎవరూ పట్టుకోలేదు మామ్మా. నేనే చెయ్యి చాపాను."

"కాళ్ళు?"

"కాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు."

చాలాసేపు నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ వారమంతా పాలు పోసే ఆవిడ వచ్చినా, పక్కింటి వాళ్ళొచ్చినా, "మా పిల్ల పచ్చబొట్టు వేయించుకుంది, ఎవరూ పట్టుకోకుండానే" అని చెప్పింది. చేప గురించి చెప్పలేదు. ఎవరూ పట్టుకోలేదన్నదే ఆవిడకి వార్త.

మామ్మ కథలో ఇంకో ఆడమనిషి ఉంది, ఆవిడ గురించి ఎవరూ మాట్లాడరు. బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆవిడ. మన వైపు పచ్చబొట్లు పొడవడం, సోది చెప్పడం ఎక్కువగా ఎరుకల ఆడవాళ్ళ పని. బ్రాహ్మణ, కాపు, మాల అని లేకుండా అందరి చేతుల మీదా ఆ చేతులే నడిచాయి. తేలు ఎక్కడ గీయాలో, ఏ చుక్క ఎంత లోతుకి దిగాలో తెలిసిన చేతులు. అలాంటి కులాన్ని 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగల లెక్కలో రాశారు. అంతకుముందు 1871లో వచ్చిన చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తించేలా మార్చారు. పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, కుటుంబాలని సెటిల్‌మెంట్లనే ప్రత్యేక కాలనీలకి తోలారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ పేరు మీద పడిన మచ్చ మాత్రం చట్టంతో పాటు పోలేదు. మా చిన్నతనంలో కూడా పచ్చబొట్లావిడ వీధిలోకి వస్తే, వాకిట్లో ఆరేసిన బట్టలు లోపలికి తీసేవాళ్ళు. చెయ్యి ఆవిడ చేతిలో పెట్టేవాళ్ళు, గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు.

కంపెనీ పాలనలో ఇంకో పద్ధతి కూడా నడిచింది. జన్మఖైదు పడినవాళ్ళ నుదుటి మీద వాళ్ళ నేరం పేరు పచ్చబొట్టుగా పొడిచేవారు. 1849లో ఆపారు. ఒంటి మీద గుర్తుని చూసి మనిషి ఎలాంటివాడో తేల్చెయ్యడం అక్కడ సర్కారు పని అయింది. ఇప్పుడు పెళ్ళి బంతిలో, ఇంటర్వ్యూ గదిలో, బస్సులో పక్క సీటులో మనం చేస్తున్నది అంత క్రూరమైనదని అనను. కానీ ముందు ఒంటిని చదివి, తరవాత మనిషిని చదవకపోవడం ఒకటే అలవాటు.

చెవుల సంగతికి వస్తాను. కర్ణవేధ పదహారు సంస్కారాల్లో ఒకటి. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు దీన్ని ఎలా చెయ్యాలో చెప్పాడు. ఆరో నెలలోనో ఏడో నెలలోనో, బిడ్డని దాది ఒళ్ళో కూర్చోబెట్టి, ఆటబొమ్మలతో మురిపిస్తూ కుట్టాలి. సూర్యకిరణం పడితే తమ్మెలో పల్చగా వెలుగు కనబడే చోటు చూసి గుచ్చాలి. మగపిల్లాడికి ముందు కుడి చెవి, ఆడపిల్లకి ముందు ఎడమ. రక్ష కోసమూ, అలంకారం కోసమూ కుట్టాలన్నాడు. అంటే అలంకారం తప్పని ఆయనకీ అనిపించలేదు, మగపిల్లాడి చెవి కుట్టడం వింతనీ అనిపించలేదు. తెగిపోయిన తమ్మెలని మళ్ళీ అతికే పద్ధతులు కూడా అక్కడే రాశాడంటే, బరువైన నగలకి చెవులు తెగడం ఆ రోజుల్లోనూ మామూలే అన్నమాట.

మా తాతయ్యకి రెండు చెవులకీ బంగారు పోగులుండేవి. పొలం గట్టు మీద నిలబడితే ఎండకి మెరిసేవి. ఊళ్ళో ఆయన వయసు రైతులు చాలామందికి ఉండేవి. మా పిన్ని కొడుకు కాకినాడలో ఇంజినీరింగు చదువుతూ ఒక చెవికి చిన్న పోగు పెట్టించుకున్నాడు. సంక్రాంతికి ఇంటికొస్తే పెద్ద గొడవ. "ఆడపిల్లలా ఏంట్రా" అన్నారు. గోడ మీద పూలదండ వేసిన తాతయ్య ఫొటో ఉంది. అందులో ఆయన రెండు చెవులకీ పోగులు. ఆ ఫొటో కిందే నిలబడి అన్నారు.

ఆ "ఆడపిల్లలా" అన్న మాట నన్ను బాధపెట్టింది. రావులపాలెం అవతల ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ఒకే సాలగ్రామ శిల, ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని, జడతో సహా. మా ఇంట్లో వాళ్ళంతా ఏటా వెళ్తారు. పూజారిగారు దీపం పట్టుకుని వెనకవైపు చూపిస్తుంటే చేతులెత్తి దణ్ణం పెడతారు. ఆ దేవుణ్ణి అంత ప్రేమగా చూసేవాళ్ళకి, కన్నబిడ్డ చెవికి ఒక పోగు ఎందుకు అంత బరువైందో నాకు అర్థం కాదు. వాడు పండగ మూడు రోజులూ పోగు తీసేసి, చెవికి అగరుబత్తి పుల్ల ముక్క పెట్టుకుని తిరిగాడు, కన్నం పూడుకుపోకుండా.

ముక్కు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అమరావతి శిల్పాలు చూడండి. ఆడవాళ్ళకి చెవులనిండా బరువైన కుండలాలు, చేతులనిండా గాజులు, నడుముకి మొలనూళ్ళు. ముక్కుకి ఏమీ ఉండదు. ముక్కుకి నగ పెట్టడం మన దేశంలో చాలా తరవాత వచ్చిన అలవాటని చరిత్రకారులు చెప్తారు. వచ్చాక మాత్రం ఎన్ని పేర్లో! ముక్కుపుడక, బేసరి, నత్తు, అడ్డబాస, ముక్కు దూలానికి వేలాడే బులాకీ. ఒకప్పుడు ఇది కూడా ఎవరో మొదటిసారి పెట్టుకుని వీధిలోకి వచ్చిన కొత్త ఫ్యాషనే అయి ఉండాలి. ఈ రోజు ఒక అమ్మాయి ముక్కు దూలానికి రింగు పెట్టించుకుంటే గేదెకి ముకుతాడులా ఉందంటారు. ఆ అమ్మాయి ముత్తవ్వ బులాకీ ఏ బీరువాలోనో గుడ్డలో చుట్టి ఉంటుంది. పెట్టే చోటు అదే, గుచ్చే పద్ధతీ అదే.

పులస గురించి అందరూ అడుగుతారు. సముద్రంలో ఉన్నప్పుడు ఆ చేపని విలస అంటారు. వరద రోజుల్లో ఎర్రనీళ్ళకి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస అవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాకా ఈదుతుంది. ఏ నీళ్ళలో ఉందన్నదాన్ని బట్టి పేరు మారుతుంది, రేటు వేలల్లోకి ఎక్కుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మన సామెత. ఇవన్నీ నాకు తెలుసు, కానీ వీటిలో ఏదీ కారణం కాదు. చేప గీత నాకు అందంగా అనిపించింది. వంపు తిరిగిన వీపు, వెండి పొలుసులు, చీలిన తోక. రాస్తూ రాస్తూ నోట్‌బుక్కు అంచుల్లో చిన్నప్పటినుంచీ ఆ గీత గీసేదాన్ని. అందుకే వేయించుకున్నాను.

ఈ జవాబు ఎవరికీ చాలదు. "దాని అర్థం ఏంటి?" అని మళ్ళీ అడుగుతారు. చనిపోయిన వాళ్ళ గుర్తనో, గండం గడిచిన జ్ఞాపకమనో చెప్తే తల ఊపి ఒప్పుకుంటారు. బాగుందనిపించింది అంటే ఒప్పుకోరు. అలా అడిగిన ఆవిడ చేతికే రెండు కాసుల గాజులుంటాయి, అవి ఎందుకు వేసుకున్నారని ఎవరూ అడగరు. పట్టుచీర అంచు మీద నెమలి ఎందుకుందని అడగరు. ఆడది తన ఒంటి మీద తనకి నచ్చింది పెట్టుకోవాలంటే, దుఃఖమో భక్తో కారణంగా చూపించాలా? టాటూలు వేయించుకున్న నా స్నేహితుల్లో కొందరు ఈ ప్రశ్నకి భయపడి కథలు కల్పించుకున్నారు. నేను కల్పించదలచుకోలేదు.

టాటూ వేయించుకున్నప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో పనిచేసేదాన్ని. సెలవుల తరవాత మొదటి రోజే కరస్పాండెంటుగారు పిలిచారు. కోప్పడలేదు, చాలా మర్యాదగా మాట్లాడారు. "మీరు మంచి టీచరమ్మా, కానీ పేరెంట్స్ ఏమనుకుంటారు" అన్నారు. రేపటినుంచి ఫుల్ హ్యాండ్స్ జాకెట్టు వేసుకు రమ్మన్నారు. జూన్ నెల, మా వైపు ఉక్కపోత తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మణికట్టు దాకా చేతులున్న జాకెట్టుతో, ఫ్యాను సరిగ్గా తిరగని క్లాసులో, ఏడాదిపాటు లెక్కలు చెప్పాను. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్టు చెయ్యి కిందికి జారుతుందేమోనని టెన్షన్. నాలుగో క్లాసు పిల్లలు చూడనే చూశారు. "టీచర్, అది పులసా? మరి ముళ్ళేవండి?" అని అడిగారు. పులసకి ముళ్ళెక్కువని గోదావరి పిల్లలకి తెలుసు. అంతకుమించి వాళ్ళకి వేరే ప్రశ్న రాలేదు.

అదే బడిలో తెలుగు మాస్టారుండేవారు. శ్రీవైష్ణవులు. సమాశ్రయణంలో, అంటే వైష్ణవ దీక్ష ఇచ్చేటప్పుడు, నిప్పుల్లో కాల్చిన లోహపు ముద్రలు భుజాలకి అద్దుతారు, కుడి భుజానికి చక్రం, ఎడమ భుజానికి శంఖం. ఆయనకీ ఉన్నాయి. అంతర్వేది తీర్థానికి, అంటే జాతరకి, ఉత్తరీయంతో వచ్చినప్పుడు ఆ మచ్చలు చూసి కరస్పాండెంటుగారే ఆయన పాదాలకి దణ్ణం పెట్టారు. నా సంగతి తెలిసి మాస్టారు ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో, "నాకు మా గురువుగారు వేశారమ్మా, నువ్వు నీ ఇష్టంతో వేయించుకున్నావు. నాకైతే తేడా ఏమీ కనపడదు" అన్నారు. ఆ బడిలో నా వైపు నిలబడి ఒక మాట అన్నది ఆయనొక్కరే.

తీర్పు అందరి మీదా ఒకేలా పడదు. విదేశాల నుంచి వచ్చిన డాక్టరుగారబ్బాయి మెడ మీద డ్రాగన్ ఉంటే "అక్కడ అంతేనటండి" అని సర్దుకుంటారు. ఆటో నడిపే కుర్రాడి చేతి మీద ప్రేమించిన అమ్మాయి పేరుంటే వాణ్ణి ఆవారా అంటారు. హీరో బొమ్మ వేయించుకుంటే అభిమానం ముదిరిందంటారు. మగపిల్లాడికి పడేది చెడు సావాసాల నింద. ఆడపిల్లకి పడేది శీలం మీద నింద, అది పెళ్ళి సంబంధాల దాకా వస్తుంది. కోనసీమలో దళిత కుర్రాళ్ళ చేతుల మీద అంబేద్కర్ బొమ్మ చూస్తుంటాను, కోటు, కళ్ళజోడుతో సహా. దాన్ని కూడా "ఈ కాలం ఫ్యాషన్" అని తీసిపారేస్తారు కొందరు. ఎవరి తాతలు ఒంటి మీద చొక్కా వేసుకుని వీధిలో నడిస్తే తప్పయ్యేదో ఆ పిల్లలు, ఎవరూ లాక్కోలేని చోట ఆ బొమ్మ దాచుకున్నారు. అది ఫ్యాషన్ అనేవాళ్ళని నేను ఊరికే వదిలిపెట్టలేను. ఇంటికొచ్చిన చుట్టాలతోనైనా సరే వాదిస్తాను.

ఇన్ని చెప్పాక, వద్దనేవాళ్ళ భయాలు కూడా చెప్పాలి. వాటిలో కొన్ని నిజమే. ఒక తీర్థంలో చూశాను, ఇసకలో స్టూలు వేసుకుని, బ్యాటరీ మిషనుతో ఒకతను యాభై, వంద రూపాయలకి పేర్లు వేస్తున్నాడు. ఒకే సూది, ఒకే సిరా మూత, వరసగా కుర్రాళ్ళు. మధ్యలో గుడ్డతో తుడుస్తున్నాడు, అంతే. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అలాంటి సూది మీదే ప్రయాణం చేస్తాయి. మామ్మ రోజుల్లోనూ సూదులు ఉడకబెట్టలేదు, అది ఆ కాలపు అదృష్టం, దాన్ని పద్ధతి అనుకోకూడదు. సూది ప్యాకెట్టు మన కళ్ళ ముందు విప్పాలి, సిరా చిన్న కప్పులో మనకోసం కొత్తగా పొయ్యాలి, గ్లవ్స్ మార్చాలి. టాటూ వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తదానం చెయ్యకూడదన్నది కూడా ఈ భయంతోనే. చెవి తమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. చెవి పైభాగంలో ఉండేది మెత్తటి ఎముక, దానికి రక్తం సరిగ్గా అందదు, నెలలు పడుతుంది, చీము పడితే చెవి ఆకారమే పోవచ్చు. అక్కడ గన్నుతో టక్కున కొట్టించుకోవద్దని నేను మా అమ్మాయిలందరికీ చెప్తాను.

మా ఊళ్ళో తెల్లవారుజామున కాలవ గట్టు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళున్నారు, సైన్యంలో చేరాలని. వాళ్ళకి ఇది ఎవరూ ముందుగా చెప్పరు. సైన్యంలోకి తీసుకోవాలంటే శాశ్వతమైన టాటూ ముంజేతి లోపలివైపు, అంటే మోచేయి మడత నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనకవైపు మాత్రమే ఉండొచ్చు. గిరిజన తెగలకి వాళ్ళ ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. కేంద్ర సాయుధ బలగాలకైతే ముంజేయి లోపలివైపు అంటే ఎడమదే, అది సెల్యూట్ చేసే చెయ్యి కాదు కనక; లేదంటే అరచేతి వెనకవైపు. అది కూడా ఆ భాగంలో నాలుగోవంతుకి లోపే. భుజం మీద సింహం బొమ్మ వేయించుకున్న ఒక పిల్లాడు, రెండేళ్ళు పరిగెత్తాక ఈ రూలు తెలుసుకుని గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. లేజరుతో తీయించాలంటే ఒక్కసారికి పోదు, వారాల ఎడంతో చాలాసార్లు వెళ్ళాలి. నలుపు తొందరగా లొంగుతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. వాడికి తిట్లు పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. అంతకుముందు ఈ రూలు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లో మాట్లాడే వీలుంటే, "నాన్నా, టాటూ వేయించుకుంటాను" అని వాడు అడగగలిగితే, "చేతి లోపల వేయించుకోరా" అని ఎవరో ఒకరు చెప్పి ఉండేవారు. తిడతారని దాచిపెట్టి వేయించుకునే పిల్లలే తీర్థంలో ఆ సూది కిందికి వెళ్తున్నారు.

నా వాదనలో నాకే ముల్లులా తగిలే చోటు ఒకటుంది. ఒంటి మీద ఏముండాలో ఆ ఒంటివాళ్ళే చెప్పాలంటే, మా అమ్మాయి సంగతేంటి? దానికి పదకొండో నెలలో చెవులు కుట్టించాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాం, నేనే గిలక్కాయ ఊపాను. సుశ్రుతుడు చెప్పినట్టే. ఆచారిగారు బంగారు తీగ తిప్పుతుంటే అది నా మొహంలోకి చూస్తూ ఏడ్చింది. ఇంటినిండా చుట్టాలు, పులిహోర వాసన, నా మనసులో మామ్మ అరుగు. అప్పుడు ఆపలేదు. అందరి సంతోషం ముందు ఆపడానికి ధైర్యం చాలలేదు. చెవులు మానాయి, దానికి ఇప్పుడు జూకాలంటే ప్రాణం, ఏమీ పెట్టుకోకపోతే తమ్మె కన్నం పూడుకోవచ్చు కూడా. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. అయినా అది "నాకు కుట్టించారు" అనే అంటుంది. ఆ మాట నా వల్ల వచ్చింది.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఈ వేసవిలో ముక్కు కుట్టిద్దామని మా అత్తగారు అన్నారు. వాళ్ళ అమ్మగారి బేసరి ఉంది, ఎర్రరాయిది, మనవరాలికే అని ఎన్నేళ్ళుగానో దాచారు. "దాన్ని అడగండి అత్తయ్యగారూ" అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లని అడగడమేంటని ఆవిడకి కష్టం వేసింది. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు సాయంత్రం బీరువా తీసి, కుంకుమభరిణె తెచ్చి, దూదిలోంచి బేసరి తీసి పిల్ల అరచేతిలో పెట్టి, "కుట్టించుకుంటావా?" అని ఆవిడే అడిగారు.

పిల్ల దాన్ని వెలుగుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అద్దం ముందుకి వెళ్ళి ముక్కు పక్కన ఆనించుకుని చూసుకుంది.

"నొప్పి పుడుతుందా మామ్మా?"

"పుడుతుందమ్మా. కాసేపే."

"అయితే ఇప్పుడొద్దు. మళ్ళీ అడుగుతావా?"

అత్తగారు నా వైపు చూశారు. నేనేమీ అనలేదు. "అడుగుతాలే" అని ఆవిడ బేసరిని దూదిలో చుట్టి, భరిణె మూత పెట్టి, బీరువాలో మళ్ళీ అదే చోట పెట్టారు.